కత్తిసాములో లోహపుచొక్కాయ: దాని పుట్టుక, దాని ఉతుకు



"ఫెన్సింగ్" అనుమాట నేడు మన పల్లెలలో ఎల్లరకును తెలిసినదే. తోటచుట్టును రాతికంబములు పాతి ముండ్లతీగ లాగినచో దానిని ఫెన్సింగ్ అందురు. ఆ తీగలో కరెంటు పారించినచో ఎలక్ట్రిక్ ఫెన్సింగ్ అందురు. అడవిపందుల బాధకు తాళలేక ఇంటికరెంటును తిన్నగా తీగకు తగిలించి, పందికి బదులు పొరుగురైతును పోగొట్టుకొన్న కథలు మీరును వినియుందురు. కావున "ఎలక్ట్రిక్ ఫెన్సింగు వస్త్రముల చరిత్రమును, వాటి ఉతుకును గూర్చి ప్రసంగింపబోవుచున్నాను" అని నేను చెప్పినప్పుడు మా యూరి పెద్దలలో నొకరు "కంచెకు బట్టలేమిటండీ?" అని అడిగిరి. ఆ ప్రశ్నలో తప్పేమియు లేదు. ఇంగ్లీషువారు కంచెకును కత్తిసామునకును ఒక్కటే మాట పెట్టుకొనిరి. రెండింటికిని మూలార్థము రక్షణమే. పొలమును కాచుకొనుట యొకటి. శరీరమును కాచుకొనుట రెండవది. నేను చెప్పబోవునది రెండవదానిని గూర్చి.

మన గరిడీలలో కర్రసామును, కత్తిసామును నేర్పు గురువులు ఉండినట్లే ఐరోపాఖండమున ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సు దేశములలో ఖడ్గవిద్యాగురువులు ఉండిరి. మొదట ఆ విద్య ప్రాణములు తీయుటకును కాచుకొనుటకును నేర్చినదే. పదునెనిమిదవ శతాబ్దమునాటికి అది క్రమముగా వినోదముగను వ్యాయామముగను మారెను. లండనునగరమున పాఠశాల పెట్టిన డొమెనికో ఆంజెలో అను ఇటలీదేశీయుడు 1763లో ఈ విద్యపై ఫ్రెంచిభాషలో పటములతో గొప్ప గ్రంథమును ప్రకటించెను. తీగజల్లెడతో చేసిన ముసుగు ముఖమునకు పెట్టుకొను అలవాటు ఆ శతాబ్దముననే ఏర్పడెను. కన్ను పోవునను భయము తగ్గినపిమ్మట సామువేగము పెరిగినది. 1896లో ఏథెన్సునగరమున ఒలింపిక్ క్రీడలు పునరుద్ధరింపబడినప్పటినుండి ఈ క్రీడ లేని ఒలింపిక్ పోటీ లేదు. 1913లో పారిసునందు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడి, నియమములన్నియు దాని చేతిలోనికి వచ్చెను.

ఇందు మూడువిధములైన ఖడ్గములు కలవు. ఫాయిల్ అనునది తేలికైనది. దీనితో ఎదుటివాని మొండెమును మాత్రమే, మొనతో మాత్రమే తాకవలెను. ఎపే అనునది కొంత బరువైనది. దీని మొనతో శిరస్సు మొదలుకొని పాదమువరకు ఎచ్చట తాకినను లెక్కయే. సేబర్ అనునది గుఱ్ఱపురౌతుల కత్తికి సంతతి. దీని అంచుతోనైనను మొనతోనైనను నడుమునకు పైనున్న శరీరభాగమును, తలను, బాహువులను కొట్టవచ్చును. ఈ భేదమును మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. నేను చెప్పు వస్త్రము పుట్టుటకు ఈ భేదమే కారణము.

తాకెనా తాకలేదా అను వివాదము ఈ క్రీడతోడనే పుట్టినది. కత్తి కంటికి కనబడనంత వేగముగా పోవును. తగిలినవానికి తెలియును; తగిల్చినవానికి కొంత తెలియును; చూచువానికి తెలియుట కష్టము. కావున పూర్వము మర్యాదస్థుడైన సాముగాడు తనకు దెబ్బ తగిలినప్పుడు తానే "తూషే" అని పలుకుట ఆచారము. ఆ ఫ్రెంచిమాటకు "తగిలినది" అని అర్థము. కాని బహుమానములును, దేశముల ప్రతిష్ఠలును ప్రవేశించినచోట మనుష్యుని నోటిమాటమీద ఎంతకాలము నడచును? నలుగురు న్యాయనిర్ణేతలను, వారిపై నొక అధ్యక్షుని నిలిపిరి. ఒక్కొక్క సాముగాని శరీరమును ఇద్దరేసి కనిపెట్టవలెను. నిర్ణేతకు ఒక వోటు, అధ్యక్షునికి ఒకటిన్నర. ఇద్దరు నిర్ణేతలును ఏకమైనచో అధ్యక్షుని మాట చెల్లదు. వారిలో వారికి భేదము వచ్చినచో ఆయన మాటయే చెల్లును. ఈ ఒకటిన్నర లెక్క ఎవరు కనిపెట్టిరో గాని, మన పంచాయితీలకు కూడ పనికివచ్చునని నాకు పలుమారు తోచినది.

వస్త్రములు తెల్లగా నుండుటకు కారణమును ఇదియే. కత్తిమొనకు మసియో, రంగుసుద్దయో, సిరాయో పూయుచుండిరి. తెల్లని బట్టమీద అది మచ్చపెట్టును. మచ్చ సాక్ష్యము పలుకును. గురువులుమాత్రము నల్లనివస్త్రము ధరించుట వాడుక. ఎపే ఆడువారు మొనకు మూడు చిన్న ముండ్లున్న బిళ్ళను కట్టుచుండిరి. అది ఎదుటివాని చొక్కాయను పట్టుకొనును; పట్టుకొన్నది కావున తగిలినట్లు నిశ్చయము. దానివలన బట్టకు చిరుగులును ఒంటికి గీరలును తప్పకపోయెను. చిరిగిన చొక్కాచేతులనుబట్టి వీడు ఎపే ఆడువాడని పోల్చుకొనవచ్చునని చెప్పుకొనెడివారు. తరువాత ముండ్లు మాని, మొనను ఒక విధమైన రంగులో ముంచు పద్ధతి వచ్చెను. ఆ రంగునకు ఒక గుణము కలదు: వెనిగరువంటి పలుచని పులుపునీరు తగిలినచో వదలిపోవును. ఒక దెబ్బ లెక్కవేసినపిమ్మట ఆ మచ్చను పులుపునీటితో తుడిచి మరల ఆట సాగింపవచ్చును. చూడుడు, ఈ క్రీడలో ఉతుకు అనునది ఇంటికి పోయినతరువాత చేయు పని కాక, న్యాయవిచారణలో నొక భాగముగా ఆనాడే ఏర్పడినది. పాతమచ్చ పోకున్నచో కొత్తదెబ్బను నమ్ముట యెట్లు?

ఇక విద్యుచ్ఛక్తి. దీనిని మొదట ఎపేకు కూర్చిరి, అది సులభమైనపని. ఎపేలో శరీరమంతయు లక్ష్యమే గనుక మొన దేనిని తాకినది అను విచారణ లేదు. తాకినదా అనునదొక్కటే ప్రశ్న. కత్తిమొనయందు చిన్న మీట పెట్టిరి. అది 750 గ్రాముల బరువునకు మించిన ఒత్తిడితో లోనికి దిగినచో తీగలు కలిసి దీపము వెలుగును. తీగ కత్తి వెంబడి పిడికి వచ్చి, చొక్కాలోపల వీపువరకు పోయి, వెనుక నున్న చుట్టచక్రమునుండి దీపముల పెట్టెకు చేరును. నేల తాకినప్పుడు దీపము వెలుగకుండుటకు క్రింద లోహపుబాట పరతురు. అది 14 మీటర్ల పొడవుండును. ఇందు పారు కరెంటు 12 వోల్టుల స్వల్పమైనది గనుక అపాయము లేదు. 1936లో బెర్లినునగరపు ఒలింపిక్ పోటీలలో ఎపేను ఈ విధముగా ఆడిరి. ఎపేవారికి ప్రత్యేకమైన వస్త్రమేదియు అక్కరలేకపోయినది.

చిక్కంతయు ఫాయిలునకు వచ్చినది. మొండెమునకు తగిలినదెబ్బ లెక్కకు వచ్చును. చేతికిగాని తొడకుగాని తగిలినది రాదు. యంత్రమునకు కన్నులు లేవు. మొండెమేది, చేయి యేది అని దానికి ఎవరు చెప్పవలెను? అందుకై మొండెమునకుమాత్రము లోహపుదారముతో నేసిన చేతులులేని చొక్కాయ తొడిగిరి. మొన ఆ బట్టను తాకినచో విద్యుత్తు ఒకదారిని పారి ఎర్రదీపమో పచ్చదీపమో వెలుగును, చేతినో తొడనో తాకినచో తెల్లదీపము వెలుగును, తెల్లదీపమునకు లెక్కలేదు. ఇంతకుపూర్వము నలుగురు నిర్ణేతలు నాలుగు కన్నులజంటలతో చేయుచుండిన పనిని ఒక గుడ్డకు అప్పగించిరన్నమాట. 1955 ప్రపంచపోటీలలోను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్కులలోను ఫాయిల్ ఈ పద్ధతిని సాగెను. సేబరునకు ఇంకను చాలకాలము పట్టినది. అంచుతో కొట్టు దెబ్బను గుర్తించుటకు కత్తిపిడియందు ఒక సూక్ష్మయంత్రమును పెట్టి చూచిరి. అది నమ్మదగినదిగా లేకపోవుటచే పిమ్మట విడిచిపెట్టి, లోహము లోహమును తాకినచో చాలునని నిర్ణయించిరి. 1992 బార్సిలోనా ఒలింపిక్కులలో సేబర్ మొదటిసారి విద్యుద్దీపములతో ఆడబడెను. సేబరువారి లోహపుచొక్కాయకు పొడుగుచేతులుండును, ముసుగును లోహమయమే. ఫాయిలులో గడ్డముక్రింది గుడ్డకును కొంతభాగము 2009నుండి లోహవస్త్రము కుట్టుచున్నారు.

ఈ వస్త్రమును లామే అందురు. ఫ్రెంచిభాషలో "లామ్" అనగా పలుచని లోహపురేకు. కత్తియలుగును గూడ అదేమాటతో పిలుతురు. కొట్టు కత్తికిని కాచు గుడ్డకును ఒకే ధాతువు! ఈ బట్ట మనకు వింతది కాదు. మీ యిండ్లలో భోషాణము తెరచినచో దాని పెద్దక్క దొరకును. గద్వాల చీర కొంగునో, ధర్మవరపు పట్టుచీర అంచునో తీసి చూడుడు. పట్టుదారము చుట్టును వెండితీగను సాగగొట్టి చుట్టి, బంగారుపూత పూసినదే మేలైన జరీ. లామేయందు దారము నూలుగాని కృత్రిమపుదిగాని యుండును. లోహము సామాన్యముగా రాగి, లేక తుప్పుపట్టని ఉక్కు. మనవారు లోహపుదారమును శోభకొరకు నేసిరి. ఐరోపావారును మొదట శోభకొరకే, రాజులకును రాణులకును, నేసిరి. దానిచేత సాక్ష్యము చెప్పించుట మాత్రము ఈ క్రీడవారి కల్పన.

జరీచీరను కాపాడుట మన యాడవారికి తెలిసినంత మరియెవ్వరికిని తెలియదు. మా యమ్మగారు పెండ్లికి కట్టిన చీరను ఇంటికి వచ్చినవెంటనే మడతపెట్టనిచ్చెడివారు కారు. నీడను దండెముమీద ఆరవేసి, చెమట యారినపిమ్మట, మెత్తని పాతనూలుగుడ్డలో చుట్టి పెట్టెడివారు; ఆరేడునెలలకొకసారి తీసి మడతలు మార్చెడివారు. ఒకేచోట మడత నిలిచినచో జరీ అక్కడ విరుగునని వారికి తెలియును. తడియవలసివచ్చినచో కుంకుడురసమే గాని సబ్బు ముట్టనీయరు, పిండనీయరు. ఇంత కాపాడినను చెమట తగిలిన అంచు నల్లబడుచునేయుండును. నల్లబడి చినిగినచీరను వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేకవేయువాడు కొని, కాల్చి వెండి తీసుకొనును. చినుగుచీరలో వెండి యైనను మిగులును గాని, చెడిన లామేలో ఏమియు మిగులదు.

పై మాటలన్నియు లామేకును అక్షరాల చెల్లును. నిజమునకు దానికి మరింత కష్టము. చీరను పెండ్లికొకసారి కట్టుదురు. లామేను వారమునకు నాలుగుదినములు తొడిగి చెమటలోడ్చుదురు. చెమటలో ఉప్పుండును. ఉప్పునీరు రాగిని తినును. మొదట బట్టపై బూడిదరంగు మచ్చలు తేలును. పిమ్మట పచ్చని చిలుము పుట్టును. లోహపుదారము లోలోపల తెగును. పైకి బట్ట చిరిగినట్లు కనబడదు. కాని ఆచోట విద్యుత్తు పారదు. ఆ చోటిని సాముగాండ్రు "చచ్చినచోటు" అందురు. నియమమేమనగా, బట్టమీద ఏ రెండుచోట్లనడుమ కొలిచినను అడ్డగింపు 5 ఓములకు మించరాదు. కొలుచుటకు మొన గుండ్రని 500 గ్రాముల బరువుగల లోహపుకడ్డీని బట్టపై జరుపుచు మీటరు చూతురు. పెద్దపోటీలకు ముందు ఈ పరీక్ష జరిగి, నెగ్గిన చొక్కాయకు ముద్రవేయుదురు. ముద్రలేనిది బరిలోనికి రాదు.

ఇప్పుడు నా స్వానుభవమొకటి చెప్పక తప్పదు. ఈ విషయము నాకు పట్టుబడుటకు అదే కారణము. నా చెల్లెలి మనుమడు పట్నమున చదువుకొనుచు ఈ సాము నేర్చుచుండెను, ఆడునది ఫాయిల్. సంక్రాంతి సెలవులకు పల్లెకు వచ్చుచు సామానంతయు ఒక పొడుగుసంచిలో కుక్కి తెచ్చి, అరుగుమీద పడవేసి స్నేహితులను చూడబోయెను. సంచి తెరచిన నా చెల్లెలికి కంపు కొట్టినది. బూడిదరంగుగా నున్న ఒక చొక్కాయను చూచి, మాసిపోయినదని తలచి, తెల్లబట్టలతోపాటు బ్లీచింగుపొడి కలిపిన నీటిలో రాత్రి నానవైచి, ఉదయమున బావికడ బండమీద నాలుగుబాదులు బాది, గట్టిగా పిండి, ఎండలో ఆరవేసినది. ఆమె దోసమేమున్నది? డెబ్బదియేండ్లుగా బట్టలుతికిన చేయి. పిల్లవాడు వచ్చి చూచి నోట మాటలేక నిలిచెను. పిదప మీటరు తెచ్చి అక్కడక్కడ తాకించి, "తాతయ్యా, ఇది ఇక పలకదు" అని నాతో మెల్లగా అన్నాడు. మామ్మతో మాత్రము, "బాగా తెల్లబడింది మామ్మా" అన్నాడు. రాగి ఎక్కడి దక్కడ తునిగి, బట్ట నిజముగా తెల్లబడియే యుండెను.

సరియైన ఉతుకు ఎట్టిదో ఆ పిల్లవానివలనను, అతని గురువువలనను నేను తెలిసికొంటిని. వెడల్పైన తొట్టిలో గోరువెచ్చనినీరు పోసి, పట్టుబట్టలకు వాడు మెత్తనిసబ్బు కొంచెము కరగించి, చొక్కాయను మడవక పరచి ముంచవలెను. అరచేతులతో మెల్లగా అదిమి వదలుచుండవలెను. రుద్దరాదు, బాదరాదు, పిండరాదు. ఆ నీరు పారబోసి, మంచినీటితో నురుగు పోవువరకు మూడునాలుగుమారులు జాడింపవలెను. సబ్బు మిగిలినను లోహమునకు చేటే. పిమ్మట వెడల్పైన బుజములున్న కొయ్యకు తగిలించి, నీరు తనంతట కారిపోవునట్లు నీడను ఆరవేయవలెను. ఉతుకుయంత్రము, ఇస్త్రీపెట్టె, బ్లీచింగుపొడి, ఈ మూడును దీనికి శత్రువులు. తుప్పుపట్టని ఉక్కుతో నేసినవి వెల యెక్కువైనను కొంత మొరటుతనమునకు ఓర్చుకొనును, రాగివి ఓర్చుకొనవు.

కొన్ని సాముశాలలలో ఆ నీటిలో రవ్వంత అమోనియా కలుపుట వాడుక. రాగికి పట్టిన చిలుమును అమోనియా తనలోనికి లాగుకొనును. నీరు నీలిరంగుకు తిరుగును. మచ్చలుపడిన చొక్కాయ దీనివలన మరికొన్నినెలలు బ్రతుకునని వారు చెప్పుదురు. అది నిజమే కాని, ఎక్కువైనచో అదే అమోనియా మంచిరాగిని గూడ కరగించును. కావున ఇది వైద్యునిచేతి విషమువంటిది. మరియొకటి గట్టిగా చెప్పవలసియున్నది: అమోనియాను బ్లీచింగుపొడితో ఎన్నడును కలుపరాదు. ఆ రెండును కలిసినచో ఊపిరితిత్తులను కాల్చు విషవాయువు పుట్టును. ఇది సామువారికేగాక, మరుగుదొడ్లు కడుగువారికిని, ఇల్లు తుడుచు ప్రతివారికిని వర్తించుమాట.

అన్నిటికంటె మేలైనది ఉతుకునవసరము తగ్గించుకొనుట. ఆటముగిసిన వెంటనే చొక్కాయ విప్పి గాలికి వ్రేలాడదీయవలెను. తడిసినదానిని సంచిలో కుక్కరాదు. చెమ్మగిలిన మేజోళ్ళతో కలిపి పెట్టరాదు. మడవక వదులుగా చుట్టవలెను. మా యమ్మగారి భోషాణపు విద్యకును దీనికిని ఏమి భేదమున్నది?

ఒక చొక్కాయ చెడినంతమాత్రమున ఇంత ప్రసంగమెందుకని మీరు అడుగవచ్చును. చచ్చినచోటు ఎవరికి నష్టము కలిగించునో ఆలోచింపుడు. తొడుగుకొన్నవానికి కాదు! ఎదుటివాడు న్యాయముగా వచ్చి ఆచోట తాకినప్పుడు, మొండెమునకు తగిలినను యంత్రము తెల్లదీపము చూపి, అది లెక్కలేని దెబ్బయని చెప్పును. సేబరులో ఏ దీపమును వెలుగదు. అనగా ఉతుకురాని చొక్కాయ తన యజమానికి కవచమగుచున్నది. సోమరితనమునకు ప్రతిఫలముగా విజయము దొరకుచున్నది. పూర్వము "తూషే" అని ఒప్పుకొనని నోరు ఎట్టిదో, చిలుముపట్టిన చొక్కాయ అట్టిది. అందుచేతనే పోటీలలో పరీక్షయు, ముద్రయు, తప్పుచేసినవానికి శిక్షయు విధించిరి. ఇందు మోసముచేయదలచి చొక్కాయను చెడగొట్టువాడు ఎవడు, అజాగ్రత్తచే చెడగొట్టుకొన్నవాడు ఎవడు అని విచారించుట సాధ్యము కాదు. మీటరు మనస్సును కొలువదు.

యంత్రమున్నచోట మోసముండదను నమ్మకమునకు 1976లో మాంట్రియల్ ఒలింపిక్కులలో పెద్ద దెబ్బ తగిలినది. ఆధునిక పంచక్రీడలలో ఎపే యొకటి. సోవియట్ దేశీయుడు బోరిస్ ఒనిష్‌చెంకో అంతకుముందే ఒలింపిక్ పతకములు గెలిచిన ప్రసిద్ధుడు. అతడు ఆడుచుండగా, తాకకయే దీపము వెలుగుచున్నదని బ్రిటిషు సాముగాండ్రు ఆక్షేపించిరి. కత్తిని విప్పి చూడగా, పిడిలో చేతికి అందునట్లు ఒక రహస్యపుమీట దొరకినది. అది నొక్కినచో మొన గాలిలో నున్నను తగిలినట్లే దీపము పలుకును. ఆయనను పోటీనుండి వెడలగొట్టిరి. ఆయన జట్టునకును పోటీ పోయినది. ఎపేకు లోహవస్త్రము లేదని చెప్పితిని గదా. అచ్చట తీగలు కలిసిన చాలును గనుక ఆ మోసము అంత సులభమైనది. ఫాయిలులో లోహవస్త్రమును తాకనిదే రంగుదీపము రాదు. ఈ గుడ్డ ఒకవిధముగా ఇద్దరికిని నడుమ నిలిచిన మధ్యవర్తి. మధ్యవర్తికి మచ్చపట్టరాదు.

లామే న్యాయమును కాచును గాని ప్రాణమును కాచదు. ప్రాణమును కాచునది దాని లోపలి తెల్లచొక్కాయ. ఈ రెండింటిని ఒకటిగా తలచుట సామాన్యపుపొరపాటు. 1982 జూలైలో రోమునగరమున జరిగిన ప్రపంచపోటీలలో వ్లదీమిర్ స్మిర్నోవ్ అను సోవియట్ వీరుడు, రెండేండ్లకుముందు మాస్కోలో ఫాయిల్ స్వర్ణపతకము గెలిచినవాడు, ఆడుచుండగా ఎదుటివాని కత్తి విరిగెను. విరిగినయలుగు ముసుగు జల్లెడను చీల్చుకొని లోనికి పోయెను. కొలదిదినములకు ఆయన మరణించెను. ఎదుటివాని తప్పేమియు లేదు. ఆ దుఃఖమునుండియే నేటి కఠిననియమములు పుట్టినవి. కత్తులకు త్వరగా విరుగని జాతియుక్కు వచ్చినది; ముసుగులు బలపడినవి; అంతర్జాతీయపోటీల చొక్కాయలు 800 న్యూటన్ల పోటును, అనగా సుమారు ఎనుబది కిలోల బరువుతో మొన గ్రుచ్చినను ఓర్చుకొనవలెననియు, ముసుగుక్రింద మెడను కప్పుగుడ్డ 1600 న్యూటన్లకు నిలువవలెననియు నిర్ణయించిరి.

ఇట్టి బలముగలబట్టకు వాడిన నూలులలో కెవ్లార్ అనునది ప్రసిద్ధమైనది. 1965లో అమెరికాదేశమున స్టెఫనీ క్వోలెక్ అను స్త్రీ దీనిని కనిపెట్టినది. తుపాకిగుండు నడ్డగించు కవచములు దీనితోనే నేయుదురు. ఇంత బలముగల నూలునకు రెండు బలహీనతలు కలవు: ఎండ, బ్లీచింగుపొడి. మన కంటికి తెల్లదనము వచ్చును. నూలుమాత్రము లోపల ఊడిపోవును. తొడిగినవానికి తెలియదు, చూచినవానికి తెలియదు. విరిగినకత్తి వచ్చిననాడే తెలియును. నా చెల్లెలు ఆనాడు ఉతికిన వాటిలో మనుమని లోపలి తెల్లచొక్కాయయు ఉండెను. అది నేర్చుకొనువారు తొడుగు దళసరి నూలుచొక్కాయ గనుక పెద్ద హాని లేదని గురువు చెప్పినప్పటికిని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లగా నుండుటయే శుభ్రమని మనము నమ్మినది ఎంతకాలమునుండియో! ఈ చొక్కాయలను సబ్బునీటితో ఉతికి, నీడను ఆరవేసిన చాలును. కొంచెము పసుపుపచ్చగా నున్నను చింతలేదు.

మన దేశమున ఈ క్రీడ చిన్నవయసుది. భారత ఫెన్సింగ్ సంఘము 1974లో ఏర్పడినది. ఒలింపిక్కులకు అర్హత పొందిన మొదటి భారతీయసాముకత్తె చెన్నపట్టణపు సి. ఎ. భవానీదేవి, ఈమెది సేబర్. టోక్యోపోటీలు 2021లో జరిగినప్పుడు ఈమె మొదటి ద్వంద్వమున ట్యునీషియాదేశపు యువతిపై 15-3 తో గెలిచి, రెండవదానిలో ఫ్రాన్సుదేశపు మానో బ్రునేతో 7-15 తో ఓడెను. బాల్యమున విద్యుత్కత్తులు కొనలేక వెదురుకర్రలతో అభ్యసించినట్లు ఆమెయే చెప్పినది. వెదురుకర్రకు కొనగలవాడును కొనలేనివాడును ఒక్కటే. సేబరులో కత్తితోపాటు పొడుగుచేతుల లోహపుచొక్కాయ, లోహపుముసుగు, తీగలు, దీపములపెట్టె అన్నియు కావలెను. విదేశమునుండి తెప్పించిన చొక్కాయ ఒక సంవత్సరమునకు బదులు మూడు సంవత్సరములు నిలిచినచో, మధ్యతరగతి యింటి పిల్లకు ఆట నిలిచినట్లే. అందుచేత ఈ ఉతుకు, ధనవంతుల దేశములలో సామానును కాపాడుకొను మెలకువ మాత్రమే కావచ్చును; మనయెడల అది ఎవరు ఆడగలరు, ఎవరు ఆడలేరు అనుదానిని నిర్ణయించుచున్నది.

నా చెల్లెలి మనుమడు ఆ సంక్రాంతి తరువాత జరిగిన పోటీకి స్నేహితుని చొక్కాయ అడిగి తొడిగికొని పోయెను. అది భుజములకడ వదులై, రెండవ ద్వంద్వములోనే ఓడి వచ్చెను. ఓటమి చొక్కాయవలన కాదని వాడే చెప్పినాడు, నేనును నమ్మితిని. వాని గురువు చెడిన చొక్కాయను పారవేయనీయలేదు. చంకలకడను, వీపుదిగువను బాదుదెబ్బ తగులని చోట్లను మీటరుతో వెదకి, అరచేయి వెడల్పుగల ముక్కలు పదునొకటి కత్తిరించెను. ఒకరి చొక్కాయ పొట్టమీద ఒక ముక్క, ఇంకొకరి భుజముమీద ఇంకొకముక్క, లోహపుదారము తెగకుండ అంచులు మడచి కుట్టించెను. ఆ ముక్కలలో నాలుగింటిని కుట్టినది నా చెల్లెలే. పాత జరీయంచును కొత్తచీరకు వేసిన చేయి గనుక, కుట్టు కనబడనే కనబడదు. కుట్టిన ప్రతిదానిని మీటరుతో చూడవలెనని పట్టుపట్టి, ముల్లు ఎక్కడ నిలువవలెనో పిల్లవానిచేత చెప్పించుకొని, తానే చూచి, మరల ఒకమారు చూచి, అప్పుడు ఇచ్చినది.